నేను తెనాలి పిల్లనైన రెండేళ్ళు

రెండేళ్ళ పాటు నాది తెనాలి. ఇప్పటికీ నేను ఆ ఊరు చూడలేదు. జనగామ స్టేషన్‌లో విజయవాడ వైపు పోయే బండి వచ్చినప్పుడు మైకులో చెప్పే ఊళ్ళ వరుసలో ఆ పేరు విన్నాను, నచ్చింది, పెట్టేసుకున్నాను. అంతే. ఎవరైనా "తెనాలిలో ఎక్కడ?" అని అడిగితే "స్టేషన్ దగ్గరే" అనేదాన్ని. ఏ ఊళ్ళోనైనా స్టేషన్ దగ్గర ఎవరో ఒకరు ఉంటారు కదా!

ఇదంతా ఒక హీరో కోసం. ఆయన పేరు చెప్పను. చెబితే చదివేవాళ్ళలో సగం మంది ఇక్కడే కొట్లాటకు దిగుతారు. నాకసలే ముక్కు మీద కోపం, ఊరుకోను. చెప్పాల్సిన కథ అక్కడే ఆగిపోతుంది.

ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. మా బాపు భూపాలపల్లిలో బొగ్గుబాయి, అంటే గని కార్మికుడు. నన్ను డిగ్రీ చదువు కోసం జనగామలో మేనమామ ఇంట్లో ఉంచాడు. మామకు బస్టాండు పక్క సందులో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్కలు, మూలకు ఒక జిరాక్స్ మిషను. మామ రాష్ట్రం కోసం దీక్షా శిబిరంలో కూర్చున్న రోజు సెంటర్ నాది. మొదట వారానికి ఒకరోజు కూర్చునేవాడు. పోను పోను ఆయనకు ఆ టెంటే ఇల్లయింది, నాకు ఆ కౌంటరే ఇల్లయింది. కాలేజీ అయిపోగానే వచ్చి కూర్చునేదాన్ని. హాల్‌టికెట్లు, రిజల్ట్సు, అప్లికేషన్లు. మధ్యలో ఖాళీ దొరికితే మా హీరో అభిమానుల ఆన్‌లైన్ అడ్డా.

ఆ అడ్డాలో అన్ని జిల్లాల వాళ్ళూ ఉండేవాళ్ళు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. నేను చేరిన మొదటి రోజు నా మాటల్లోనే రాశాను: "సినిమా మస్తుగుంది. ఇంటర్వెల్ కాడ ఫైటైతే ఒక్కటే లొల్లి, జనం కుర్సీలెక్కి దుంకిండ్రు." చాలా సంబరంగా రాశాను. అయిదు నిమిషాల్లో జవాబులు వచ్చాయి. "కామెడీ విలన్ దిగాడ్రోయ్" అని ఒకరు. "ఏ సినిమాలో డైలాగు బ్రో ఇది?" అని ఇంకొకరు. మూడో ఆయన ప్రతి మాటకూ ముందొక 'గిట్ల', వెనకొక 'గట్ల' తగిలించి నా రాతను మళ్ళీ రాశాడు, అదీ తప్పుల తడకగా!

వాళ్ళు చెడ్డవాళ్ళయితే నాకంత మండేది కాదు. ఈ భాషలో ఎవరైనా నిజంగానే రాస్తారని వాళ్ళకు తోచలేదు. సినిమాల్లో ఈ మాటలు మాట్లాడేది రౌడీలూ పనిమనుషులూ కదా, నేను వేళాకోళానికి రాశాననుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయి స్టాప్లర్‌ను బల్ల మీద దబ్బున కొట్టాను. జిరాక్స్ కోసం నిలబడ్డ పంతులు అదిరిపడి, "ఏమైంది బిడ్డా, మిషిన్ ఖరాబైందా?" అన్నాడు. "మిషిన్ మంచిగనే ఉంది సార్, మనుషులే ఖరాబైండ్రు" అన్నాను. మర్నాడు ఆ ఖాతా తీసేసి కొత్త పేరుతో చేరాను. తెనాలి తుఫాను.

తెనాలి భాష నేర్చుకోవడం ఎంతసేపు? పేపర్లలో చదివిందీ సినిమాల్లో విన్నదీ కలిపి కొట్టాను. వచ్చినం, పోయినం తీసేసి వచ్చాం, వెళ్ళాం అన్నాను. అక్కడక్కడా ఒక 'అండీ' చల్లాను. నిజమైన తెనాలి వాళ్ళు చదివి నవ్వుకున్నారేమో తెలియదు గానీ ఇదేం భాషని ఎవరూ అడగలేదు. అడగకపోగా నెత్తిన పెట్టుకున్నారు.

ఆ అడ్డాలో ఒక ఆచారం ఉండేది. సినిమా విడుదలైన రోజు ఎవరి ఊళ్ళో సందడి గురించి వాళ్ళు రాయాలి. కటౌట్ ఎంత ఎత్తు, ఎన్ని కొబ్బరికాయలు కొట్టారు, ఏ సీనుకు కాగితాలు ఎగిరాయి, ఇలా అన్నీ. దాన్ని రిపోర్టు అనేవాళ్ళం. నేను జనగామలో చూసిందంతా తెనాలిలో జరిగినట్టు రాసేదాన్ని. నవ్వు పుట్టేలా రాసేదాన్ని. అడ్డాను నడిపేది భీమవరం ఆయన ఒకరు, రొయ్యల చెరువుల మనిషి, మా అందరికంటే పెద్దవాడు. ఆయన నా రిపోర్టులను పేజీకి అన్నిటికన్నా పైన పెట్టేవాడు. "చెల్లెమ్మా, నీ రిపోర్టు చదివాక సినిమా ఇంకోసారి చూడాలనిపించింది" అని రాసేవాడు.

చెల్లెమ్మా! ఇంట్లో నేను ఒక్కదాన్నే సంతానం. మా దగ్గర ఆటో నడిపే మనిషి నుంచి ఎమ్మార్వో ఆఫీసు అటెండరు దాకా అందరూ 'అన్న'లే, అయినా నన్ను చెల్లీ అని పిలిచినవాళ్ళు లేరు. నాకు టైఫాయిడ్ వచ్చి పది రోజులు దవాఖాన చుట్టూ తిరిగి వచ్చాక చూస్తే, "తెనాలి చెల్లెమ్మ ఎక్కడ?" అని రెండు పేజీల నిండా రాసి ఉంది. ఎవరో తిరుపతిలో మొక్కుకున్నారట కూడా. కౌంటర్ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఈ మనుషులు నాకు కావాలి, వీళ్ళను పోగొట్టుకోలేను, అని ఆ రోజు నాకు గట్టిగా తెలిసింది. వాళ్ళకు కావలసింది మాత్రం తెనాలి పిల్ల. జనగామ పిల్లను వాళ్ళు మొదటి రోజే నవ్వి పంపించేశారు.

ఇక నా బతుకు చూడండి. పొద్దున కాలేజీ పిల్లలందరం రోడ్డు మీద వంటావార్పు. మూడు రాళ్ళ పొయ్యి, పెద్ద గంజులో పులిహోర, గొంతు పోయేదాకా నినాదాలు. మధ్యాహ్నం సెంటర్‌కు వచ్చి, పొగ కంపు కొట్టే చేతులు కడుక్కుని, "తెనాలిలో ఎండలు మండిపోతున్నాయండీ" అని టైపు కొట్టడం. అడ్డాలో రాజకీయాలు మాట్లాడకూడదని భీమవరం అన్నయ్య నియమం పెట్టాడు. మంచి నియమమే. కాకపోతే మా మాటను వెక్కిరించడం ఆ నియమం కిందికి రాలేదు. అది వాళ్ళకు రాజకీయం కాదు, కామెడీ.

అప్పుడు వచ్చాడు మానుకోట తమ్ముడు. మహబూబాబాద్ అని రాయలేదు, మేమందరం పిలిచినట్టే మానుకోట అని రాశాడు. ఊరి దగ్గరి తండా అతనిది. టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారని, తెలుగు బడిలో నేర్చుకున్నానని తన గురించి ఏ దాపరికమూ లేకుండా రాసుకున్నాడు. వచ్చిన మర్నాడే రిపోర్టు పెట్టాడు: "అన్నలు, మా మానుకోటల మొదటి ఆట చూసిన. పొద్దుగాల ఆరింటికే లైన్ల నిలవడ్డ. హీరో రాంగనే మా తండ పిలగాండ్లు పేపర్లు చింపి ఎగిరేసిండ్రు. మస్తు సంబురమైంది."

మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇది నేను రాసిన రిపోర్టే. అడ్డాలో మొదటి రోజు నేను రాసి తీసేసినదే మళ్ళీ వచ్చింది. జవాబులు కూడా మళ్ళీ అవే వచ్చాయి. కామెడీ విలన్, ఏ సినిమా డైలాగు. తర్వాత ఒకరు, "తెనాలి తుఫానూ, నువ్వు ఒక్కటి వదలాలి" అన్నారు.

వదిలాను. "ఈ రిపోర్టుకి కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేయండి బాబూ!" అని రాశాను.

అడ్డా అడ్డా అంతా పడీ పడీ నవ్వింది. నేను రాసిన వాటిలో దేనికీ అంత నవ్వు రాలేదు. ఎందుకు రాశావే అంటే, నవ్వకపోతే అనుమానిస్తారని భయం. అది సగం. మిగతా సగం కూడా ఒప్పుకుంటాను, నవ్వించడం రుచి మరిగాను. అతను మాత్రం, "నవ్వుండ్రి అన్నలు, మంచిదే. సినిమాల గూడ గింతనే నవ్విన" అని రాసి ఊరుకున్నాడు. పేరు మార్చుకోలేదు. మాట మార్చుకోలేదు. తర్వాతి సినిమాకు కూడా అలాగే రాశాడు. నాకు అతని మీద కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు అవతలివాళ్ళ మీద ఎక్కువ కోపం వస్తుంది, అదొక జబ్బు.

ఆ దసరాకు మా హీరో కొత్త సినిమా వచ్చింది. అడ్డాలో పోటీ పెట్టారు. ఎవరి ఊళ్ళో కటౌట్‌కు వేసిన దండ బాగుంటే ఆ ఫోటో ఏడాది పాటు అడ్డా నుదుటి మీద ఉంటుంది. భీమవరం అన్నయ్య నన్ను పేరు పెట్టి అడిగాడు: "చెల్లెమ్మా, ఇన్నాళ్ళూ రిపోర్టులే గానీ తెనాలి ఫోటో ఒక్కటీ పెట్టలేదు. ఈసారి తప్పించుకోలేవు." కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను.

జనగామలో చూస్తే బంతిపూలు లేవు. బతుకమ్మ పండుగ రోజులు, దానికి తోడు రాష్ట్రం కోసం సమ్మె. బస్సులు బందు, లారీలు బందు, వచ్చిన కాసిన్ని బంతిపూలూ బతుకమ్మలకే చాలలేదు. బొగ్గుబాయిలు కూడా బందు. ఊరికే కూర్చోలేని మా బాపు, స్నేహితుడి బండి వెనక కూర్చుని భూపాలపల్లి నుంచి రెండు సంచుల పూలతో దిగాడు. ఒకదాని నిండా తంగేడు, ఒకదాని నిండా గునుగు.

"ఇన్ని పూలు ఎందుకు బాపూ?" అన్నాను.

"బాయి బందయింది బిడ్డా, చేతులు ఊకె ఉంటలెవ్వు. అడివిల తిరుక్కుంట తెంపిన" అన్నాడు.

మా అత్త గునుగు పూలను కట్టలు కట్టి, గులాబీ రంగు నీళ్ళలో కొన్నీ నీలం రంగు నీళ్ళలో కొన్నీ ముంచి ఆరబెట్టింది. బతుకమ్మ పేర్చాక ఇంకా ఒక గంపెడు మిగిలాయి. నేను దండ గురించి పరేషాన్ అవుతుంటే మామ ఆ గంపను చూపించాడు.

"ఉన్నయి గదనే కోడలా పూలు! గవ్వే కట్టు."

"బతుకమ్మ పూలు హీరోకు ఏస్తరా మామా?"

"ఏస్తె ఏమైతది? హీరో ఏమన్న పరాయోడా?" అని నా నెత్తి మీద మొట్టి పోయాడు. మామ శిబిరంలో కూర్చునే మనిషే గానీ మా హీరోకు నాకంటే పాత అభిమాని. "ఉద్యమం ఉద్యమమే, సినిమా సినిమానే" అనేవాడు. విడుదల రోజు టెంటులోంచి లేచి వచ్చి, తానే నిచ్చెన ఎక్కి, అత్తా నేనూ కట్టిన దండను కటౌట్ మెడలో వేసి, మళ్ళీ పోయి దీక్షలో కూర్చున్నాడు.

ఫోటో తీసేటప్పుడు నేను పడ్డ జాగ్రత్త అంతా ఇంతా కాదు. థియేటర్ పేరు పడొద్దు. ఆర్టీసీ బోర్డు పడొద్దు. పక్క గోడ మీది నినాదాలు పడొద్దు. జెండాలు పడొద్దు. పదిసార్లు చూసుకున్నాను. హీరో, దండ, వెనక ఆకాశం, అంతే. పూల సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పూలు కదా, నాకు అవి ఉత్త పూలుగానే కనిపించాయి. నీలం రంగు గునుగు దండ తెనాలిలో ఎవరూ కట్టరని నాకెవరు చెప్పారు? ఫోటో పెట్టేసి, "మా తెనాలి దండ" అని రాసి, చాయ్ తాగడానికి పోయాను.

వచ్చేసరికి అడ్డా నిండా నా దండే. "ఏం రంగులు చెల్లెమ్మా!" అని భీమవరం అన్నయ్య. "ఆ నీలం పువ్వు ఏంటి, ఎప్పుడూ చూళ్ళేదే" అని ఒకరు. కింద ఒక కొత్త సభ్యుడు రాశాడు: "నాదీ తెనాలే. పొద్దుటి నుంచి హాళ్ళన్నీ తిరిగాను. ఈ దండ ఎక్కడా కనపడలేదు. ఏ హాలు?"

ఆ తర్వాత నా ఒక్కదానికే వచ్చిన సందేశం, మానుకోట నుంచి: "అక్కా, గునుగు పువ్వుకు రంగేసుడు తెనాలిల ఎవలు నేర్పిండ్రు?"

తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాను. అందరి ముందూ నవ్వులపాలు చేశాను కదా అతన్ని. ఇప్పుడు నా జుట్టు అతని చేతిలో ఉంది. ఒక్క ముక్క రాస్తే చాలు, చెల్లెమ్మ లేదు, అన్నయ్య లేడు, రెండేళ్ళూ గంగలో కలుస్తాయి. వాళ్ళు తరిమే ముందు నేనే పోదామని ఖాతా తీసేసే మీట మీద చెయ్యి పెట్టాను.

కరెంటు పోయింది. సెంటర్లో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. సమ్మె వల్ల బొగ్గు లేక రోజూ పోతున్న కరెంటే. మా బాపూ ఆయన తోటివాళ్ళూ బాయిలోకి దిగకపోతే పోయిన కరెంటు అది! అలా మా బాపు నన్ను ఆపాడు. రెండు గంటలు ఆ నల్లటి తెర ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను.

కరెంటు వచ్చాక తెరిచి చూస్తే మానుకోట తమ్ముడు అందరి ముందూ రాసేశాడు. నా గురించే రాశాడు. "అన్నలు, గవి మా దిక్కు బతుకమ్మ పూలు. నేనే మానుకోట స్టేషన్ల బండికేసి పంపిన. అక్క తెనాలిల దండ కట్టింది. హాలోల్లు జెర సేపటికే తీసేసిండ్రట, గందుకే తెనాలి అన్నకు కనవడలె."

అడ్డా ఉప్పొంగిపోయింది. "రాష్ట్రాలు ఎన్నయినా అభిమానం ఒక్కటే" అని ఒకరు. "కళ్ళు చెమర్చాయి" అని ఇంకొకరు. తెనాలి ఆయన నాకు సారీ చెప్పాడు. నాకు! భీమవరం అన్నయ్య ఆ ఫోటోను అడ్డా నుదుటి మీద పెట్టి, కింద "మానుకోట పూలు, తెనాలి దండ" అని రాశాడు. మానుకోట తమ్ముణ్ణి ఆ రోజే మొదటిసారి ఎవరూ వెక్కిరించలేదు.

నా ఊరు బతికింది, నా చోటు బతికింది. సంతోషించాలి కదా? అన్నం తిన్నట్టు లేదు, నీళ్ళు తాగినట్టు లేదు. ఉండబట్టలేక అతనికి విడిగా రాశాను, అదీ తెనాలి భాషలోనే, సిగ్గులేనిదాన్ని: "ఎందుకలా చెప్పారు?"

"మరేం జెయ్యాలె అక్కా? నిన్ను గూడ గట్లనే నవ్వుతరు గద" అని రాశాడు. కాసేపాగి ఇంకొకటి వచ్చింది: "నాకు అలవాటే. లంబాడి మాట్లాడితె బడిల నవ్విండ్రు, తెలుగు మాట్లాడితె ఈడ నవ్విండ్రు. నువ్వు అలవాటు లేనిదానివి, తట్టుకోలేవు."

ముఖం మీద కొట్టి చెప్పినా అంత తగిలేది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే మామ శిబిరం నుంచి చాయ్ కోసం వచ్చాడు. "ఏమైందే కోడలా?" అంటే మొత్తం చెప్పేశాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"తెనాలా? ఓరి దేవుడా! నువ్వు తెనాలి పిల్లవైతె నేను ఎవలకోసం టెంట్ల కూసుంటున్ననే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చాయ్ తాగి పోయాడు. ఆ నవ్వు నన్ను ఇంకా ఏడిపించింది.

కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాను. రెండేళ్ళుగా అడ్డాలో రాయని మాటలు, ఒక్కటి కూడా తడుముకోవలసి రాలేదు.

"అన్నలు, నాది తెనాలి గాదు. నేను తెనాలి ఎన్నడు సూడలె. నేనుండేది జనగామల, మా బాపుది భూపాలపల్లి. గా పూలు బాపు అడివిల తెంపిండు, దండ నేను మా అత్త కట్టినం, మా మామ నిచ్చెనెక్కి ఏసిండు. మానుకోట తమ్ముడు నన్ను కాపాడనీకి అబద్ధం ఆడిండు. రొండేండ్ల కింద నేను గిట్లనే రాస్తె మీరు నవ్విండ్రు. నాకు రోషమొచ్చి ఊరే మార్చుకున్న. ఆయినె రాస్తె మీ అందరికంటె ఎక్కువ నేనే నవ్విన. గది నా తప్పు. నన్ను తీసేస్తె తీసెయ్యుండ్రి. సినిమా అయితె మస్తుగుంది."

నొక్కేశాను.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. కొందరు నన్ను బూతులు తిట్టి అడ్డా వదిలి పోయారు. పోతే పోయారు. భీమవరం అన్నయ్య నాలుగు రోజులు ఒక్క మాట రాయలేదు. అయిదో రోజు ఫోటో కింద "భూపాలపల్లి పూలు, జనగామ దండ" అని మార్చి, నాకు విడిగా రాశాడు: "ఊరు అబద్ధమైతే అయింది. మమ్మల్ని కూడా అబద్ధం అనుకున్నావా చెల్లెమ్మా? నవ్వింది మాత్రం నిజం, అది మా తప్పే." ఆ 'చెల్లెమ్మా' దగ్గర నేను మళ్ళీ కౌంటర్ దగ్గరే ఏడ్చాను. నాకు ఏడుపులన్నీ ఆ కౌంటర్ దగ్గరే రాసిపెట్టి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇవేవీ నాకు తెలియవు. చదివినవాళ్ళ లెక్క పెరుగుతోంది, పది, ఇరవై, నలభై. జవాబు ఒక్కటీ లేదు. మూడో కంప్యూటర్ దగ్గరి పిల్ల హాల్‌టికెట్ ప్రింటు అడుగుతోంది, నాకు వినబడుతోంది గానీ లేవలేకపోతున్నాను. అప్పుడు నా రాత కింద మొదటి జవాబు వచ్చింది. మానుకోట నుంచి.

"సబ్‌టైటిల్స్ అవుసరం లేదక్కా. మొత్తం సమజైంది."